పింఛను కాగితం వెనక కథ

ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం వాళ్లు వచ్చి చేతిలో పెట్టే రూ.6,000. ఇంట్లో బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ ఉంటే, కనిగిరిలోనైనా కోవూరులోనైనా, హక్కు అంటే ఎక్కువమందికి తెలిసింది అదే. 2024 జులైకి ముందు అది రూ.3,000 ఉండేది. చట్టం ఇచ్చింది పింఛను ఒక్కటే కాదు. మిగతావాటి ఊసు ఎందుకు వినబడదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1912 నాటి లూనసీ చట్టం పిచ్చినీ బుద్ధిమాంద్యాన్నీ ఒకే గాటన కట్టేసింది. ఊళ్లు కూడా అంతే. మూడేళ్లొచ్చినా మాట రాని పిల్లవాణ్ణి ఏఎస్ పేట దర్గాలో నిద్ర చేయించడం, తాయెత్తు కట్టించడం, చివరికి ‘అమాయకుడులే’ అని సరిపెట్టుకోవడం. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. ఇంకో చోటు చూపించినవాళ్లెవరు? 1984లో సికింద్రాబాద్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ వచ్చింది గానీ ఉదయగిరి నుంచి అదెంత దూరం! 1987లో మానసిక ఆరోగ్య చట్టం బుద్ధిమాంద్యాన్ని మానసిక జబ్బుల్లోంచి తీసేసింది. మంచిదే. తీసి ఇంకెక్కడా చేర్చలేదు.

చేర్చింది 1995 వికలాంగుల చట్టం. అది గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఇదొకటి. స్పెషల్ స్కూళ్లలో ‘ఎంఆర్ (మెంటల్ రిటార్డేషన్) పిల్లలు’ అనే మాట బాగా నలిగిన కాలం అది. అయితే ఉద్యోగాల్లో ఇచ్చిన 3 శాతాన్ని చూపు, వినికిడి, కాళ్లూచేతుల సమస్యలకే తలా ఒక శాతం పంచేశారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో కోటా 4 శాతమయ్యాక, అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం (బుద్ధిమాంద్యానికి కొత్త పేరు), మానసిక జబ్బు, అభ్యసన వైకల్యం, బహుళ వైకల్యం అన్నింటికీ కలిపి దక్కింది. అభ్యసన వైకల్యం వేరే సంగతి. తెలివికి లోటుండదు, అక్షరాలు మాత్రం తారుమారవుతాయి. ‘మావాడికి చదువు అబ్బలేదండీ’ అని బడి మాన్పించిన పిల్లల్లో ఇలాంటివాళ్లు ఎందరున్నారో. ఆ చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచినప్పుడే వీళ్లకూ చోటు దొరికింది.

ఇవన్నీ అందాలంటే ముందు వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ కావాలి. క్యాంపు రోజు ఆ గదిలో బల్ల మీద ఒక చెక్క పలక ఉంటుంది. అందులో గుండ్రం, చదరం, నక్షత్రం ఇలా పది గుంటలు, వాటికి సరిపోయే పది ముక్కలు. సైకాలజిస్టు స్టాప్‌వాచ్ నొక్కుతారు. పిల్లవాడు నక్షత్రాన్ని చదరంలో కుక్కుతుంటే తల్లి చెయ్యి అప్రయత్నంగా ముందుకెళుతుంది. ‘నువ్వు చూపించొద్దమ్మా’ అంటారు. ఇంట్లో నెలల తరబడి నేర్పింది ఆమే. ఇప్పుడు వాడు సరిగ్గా పెడితే సంతోషించాలో, శాతం తగ్గుతుందని భయపడాలో తెలియదు. 2018లో కొత్త మార్గదర్శకాలు వచ్చేదాకా నడిచిన, 2001లో కేంద్రం ఇచ్చిన లెక్క ప్రకారం ఐక్యూ 50 నుంచి 69 దాకా ఉంటే 50 శాతం వైకల్యం, 70 నుంచి 79 దాకా ఉంటే 25 శాతం. పింఛనుకు కావలసింది 40 శాతం. మధ్యలో మెట్టు లేదు. 2025లో సర్టిఫికెట్ల పునఃపరిశీలన మొదలయ్యాక ఇదే టెన్షన్ మళ్లీ ఇంటింటికీ వచ్చింది.

బడి సంగతి క్లుప్తంగా చెప్పాలి, ఎందుకంటే జరిగింది తక్కువ. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ప్రాంతీయ కేంద్రం, సీఆర్‌సీ ఉంది, అక్కడ థెరపీలు చేస్తారు. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది 2021లో. రాష్ట్రం ఆ పోస్టులు మంజూరు చేసింది 2025లో.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోనిది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. నా లెక్కలో వీటన్నింటిలోకీ ముఖ్యమైనది ఇదే. ‘మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు’ అనే ప్రశ్నను తలకెత్తుకున్న చట్టం ఇదొక్కటే. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ల కోసం తెచ్చారు. దీని కిందే నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల దాకా. బిడ్డకు 18 నిండాక కన్నతల్లి కూడా చట్టం దృష్టిలో దానంతటదే గార్డియన్ కాదు. బిడ్డ పేర రెండెకరాలుంటే, వాడి తరఫున సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు గానీ ఈ సంగతి బయటపడదు. గార్డియన్‌ను నియమించేది కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ. కలెక్టర్, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు, మొత్తం ముగ్గురు. తల్లిదండ్రులే కానక్కర్లేదు, తమకు నమ్మకమున్న ఇంకొకరి పేరైనా ఇవ్వొచ్చు, ఆ మనిషి ఒప్పుకుంటే. ఒప్పుకున్నవాళ్లు ఆరు నెలల్లో బిడ్డ ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా జమాఖర్చులు చూపాలి. బాబాయిలూ మేనమామలూ ‘చూద్దాంలే అక్కా’ అనేది ఇక్కడే.