34 నాట్లు: ఉష్ణమండల సముద్రాల్లో గేల్ హెచ్చరిక వెనుక కథ

సముద్ర వాతావరణ బులెటిన్‌లో గేల్ హెచ్చరిక ఉందంటే గాలి సగటు వేగం 34 నాట్లకు చేరిందని, లేదా చేరబోతోందని అర్థం. అంటే గంటకు దాదాపు 63 కిలోమీటర్లు. తీవ్ర వాయుగుండం తుపానుగా మారిందని ప్రకటించేదీ ఈ గీత దగ్గరే. 48 నాట్లకు చేరితే దాన్ని స్టార్మ్ అంటారు. తేడా 14 నాట్లే. కానీ గాలి బలం వేగపు వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది కనుక ఓడ పక్కభాగం మీద పడే తోపు ఈలోగా రెట్టింపవుతుంది. ఇంత కీలకమైన ఈ గీతను మొదట గీసింది ఉష్ణమండలం కోసం కాదు.

1806లో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ తన దినచర్య పుస్తకంలో రాసుకున్న గాలి కొలమానంలో వేగం ఊసే లేదు. తర్వాత స్థిరపడిన రూపంలో, యుద్ధనౌక ఎంత తెరచాప మోయగలదన్నదే కొలత. 8వ అంకె అంటే టాప్‌సెయిళ్లను (పై తెరచాపలను) మూడు మడతలు కుదించి కట్టక తప్పని గాలి. 12 అంటే ఏ గుడ్డా నిలవని గాలి. 1838లో బ్రిటిష్ నౌకాదళం దీన్ని తప్పనిసరి చేసింది. ఆవిరి ఓడలు వచ్చాక తెరచాప లెక్కకు అర్థం పోయింది. 1906లో వాతావరణ శాస్త్రవేత్త జార్జ్ సింప్సన్ అంకెలకు గాలి వేగాలు జోడించారు. 1927లో జర్మన్ కెప్టెన్ పీటర్ పీటర్సన్ ఒక్కో అంకెకు సముద్రం ఎలా కనిపిస్తుందో రాశారు. 8కి అలల తలల అంచులు తుంపరగా తెగిపోతాయి, నురుగు గాలివాటున చారలు కడుతుంది. అలల ఎత్తు సుమారు 5.5 మీటర్లు ఉంటుంది.

అయితే ఆ ఎత్తు నడిసముద్రంలో, గాలి చాలా గంటలు, చాలా దూరం వీచాక వచ్చేది. ఉష్ణమండలపు స్క్వాల్ (హఠాత్తుగా రేగి తగ్గిపోయే ఈదురుగాలి) ఇరవై నిమిషాల్లో గేల్ స్థాయి తాకి పోతుంది, అలలు లేచే వ్యవధే ఉండదు. కుండపోత వాన అలల తలలను అణిచేస్తుంది. నీటి ప్రవాహానికి ఎదురుగా గాలి వీస్తే అదే వేగానికి అలలు పొట్టిగా, నిటారుగా లేచి ఎక్కువ భయపెడతాయి. కంటి అంచనా మొదటి రెండు సందర్భాల్లో తక్కువ చూపుతుంది, మూడోదాంట్లో ఎక్కువ చూపుతుంది.

హెచ్చరికలు ఇవ్వడం మొదలైందీ చల్లటి సముద్రాల దగ్గరే. 1859 అక్టోబర్‌లో వేల్స్ తీరాన రాయల్ చార్టర్ ఓడ పగిలి 450 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత, ఒకప్పటి బీగిల్ నౌక కెప్టెన్ రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ టెలిగ్రాఫ్ వార్తల ఆధారంగా 1861 ఫిబ్రవరిలో తొలి తుపాను హెచ్చరిక పంపారు. రేవుల్లో శంకువులు, పీపాల ఆకారపు గుర్తులు ఎగరేసేవారు.

ఉష్ణమండలపు తుపానుల సంగతి వేరుగా తేలింది, అదీ ఎక్కువగా బంగాళాఖాతం ఓడల లాగ్‌బుక్కుల నుంచి. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ వాటిని ఏళ్ల తరబడి సేకరించి, గాలి పాము చుట్టలా తిరుగుతోందని చూపి, 1848లో దానికి 'సైక్లోన్' అని పేరు పెట్టారు. 1789లో కోరంగి రేవును ముంచిన ఉప్పెనను నమోదు చేసిందీ ఆయనే. నావికుల కోసం ఆయన కొమ్ముతో చేసిన పారదర్శక బిళ్లలు ఇచ్చారు. వాటి మీద గాలి దిశలు వలయాలుగా గీసి ఉంటాయి. ఓడ ఉన్న చోట గాలి దిశ కలిసేలా బిళ్లను పటం మీద పెడితే, మధ్య బిందువు తుపాను కేంద్రాన్ని చూపాలి.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉండేది, దాన్ని నమ్మి ఓడలు దెబ్బతిన్నాయి. గాలి నిజానికి వలయంలో తిరగదు, లోపలికి ఒరుగుతూ వీస్తుంది. మారిషస్‌లో వాతావరణ శాస్త్రవేత్త చార్లెస్ మెల్డ్రమ్ దీన్ని గట్టిగా చూపారు. ఉత్తరార్ధగోళంలో గాలికి ఎదురుగా నిలబడితే, కేంద్రం కుడివైపు సరిగ్గా 90 డిగ్రీల్లో కాక, దూరాన్ని బట్టి 100 నుంచి 125 డిగ్రీల్లో, అంటే కాస్త వెనక్కి ఉంటుంది. పాత లెక్కతో తప్పించుకోబోయిన ఓడ కేంద్రం వైపే జరిగే వీలుంది.

ఇంతకన్నా మౌలికమైన చిక్కు భూభ్రమణంలో ఉంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ భూభ్రమణ ప్రభావం తగ్గుతుంది. అందుకే పీడనంలో అంతే తేడాకు 50 డిగ్రీల అక్షాంశంలో ఉండే గాలికి, లెక్క ప్రకారం 10 డిగ్రీల దగ్గర నాలుగు రెట్లకు పైగా గాలి రావాలి. నాలుగేసి హెక్టోపాస్కల్‌ల (పీడనపు కొలత) ఎడంతో గీసే సమపీడన రేఖల (ఒకే పీడనమున్న చోట్లను కలిపే గీతల) పటం ఇక్కడ దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. పైగా ఉష్ణమండలంలో పీడనం రోజూ ఉదయం, రాత్రి పది ప్రాంతంలో హెచ్చి, నాలుగు ప్రాంతంలో తగ్గుతుంది. ఈ తేడా మూడు హెక్టోపాస్కల్‌ల వరకు ఉంటుంది. దాన్ని సవరించకుండా బారోమీటర్ చూస్తే మోసపోతాం. సవరించాక కూడా ఆ కాలపు సగటు కన్నా 3 తక్కువుంటే అనుమానించాలి. 5 తక్కువుంటే దగ్గర్లో తుపాను ఉన్నట్టే.

తుపానుతో పని లేని గేల్‌లకు బారోమీటరూ అక్కరకు రాదు. జూలైలో అరేబియా సముద్రంలోని సొకోట్రా దీవి చుట్టూ నైరుతి గాలి రోజుల తరబడి గేల్ స్థాయిలో వీస్తుంది. దాని వెనకున్న సోమాలీ జెట్‌ను (సోమాలియా తీరం పక్కగా వేగంగా వీచే గాలి పాయను) 1969లో వాతావరణ శాస్త్రవేత్త ఫిండ్లేటర్ వివరించారు. మెక్సికోలోని తెహువాంతెపెక్ సింధుశాఖలో చలికాలపు గాలి కొండల సందు గుండా దూసుకొచ్చి, నిర్మలమైన ఆకాశం కిందే స్టార్మ్ స్థాయికి చేరుతుంది. ఆ గాలుల తీరు పూర్తిగా తెలిసింది 1999 నుంచి 2009 వరకు పనిచేసిన క్విక్‌స్కాట్ ఉపగ్రహం వల్ల. నీటి మీది సన్నటి అలల గరుకుతనాన్ని రాడార్‌తో చదివి అది గాలిని లెక్కగట్టింది. అయితే వాన జోరుగా ఉన్నచోట ఆ రీడింగు చెడిపోయేది.

34 అన్నది సగటు. ఎంతసేపటి సగటన్నదీ ముఖ్యమే. అమెరికా కేంద్రాలు ఒక నిమిషం, భారత కేంద్రం మూడు నిమిషాలు, చాలా దేశాలు పది నిమిషాలు తీసుకుంటాయి. సముద్రం మీద నిమిషం సగటును 0.93తో గుణిస్తే పది నిమిషాల సగటుకు దగ్గరగా వస్తుంది. రెండు బులెటిన్లు పోల్చేటప్పుడు ముందు ఇది చూడాలి.

1944 డిసెంబర్‌లో ఫిలిప్పీన్స్ తూర్పున అమెరికా నౌకాదళం టైఫూన్‌లో చిక్కుకుని మూడు డెస్ట్రాయర్లను, సుమారు 790 మందిని పోగొట్టుకుంది. ఇంధనం తగ్గి తేలికైన ఓడలు ఖాళీ ట్యాంకుల్లో సముద్రపు నీరు సకాలంలో నింపుకోలేదు. ఇప్పుడు నావికులు పాటించే 1-2-3 నియమం 34 నాట్ల గాలి వ్యాపించే దూరంతో మొదలవుతుంది. ఆ దూరానికి 24 గంటల అంచనాకైతే 100, 48కి 200, 72కి 300 నాటికల్ మైళ్లు కలిపి, ఆ వలయం బయటే ఉండాలి.

ఇప్పుడు 518 కిలోహెర్ట్జ్‌పై నావ్‌టెక్స్ అనే రేడియో సందేశ వ్యవస్థ గేల్ హెచ్చరికలను ఓడలోని యంత్రానికి నేరుగా పంపుతుంది. ఆ యంత్రంలో వాటిని ఆపేసే వీలు లేదు. కానీ అంతర్జాతీయ నిబంధన ప్రయాణికుల ఓడలకు, 300 టన్నులు, ఆపైన ఉన్న సరుకు ఓడలకే. 2017 నవంబర్ 29 ఉదయం వాయుగుండంగా ఉన్న ఓఖీ, 30 ఉదయానికి తుపాను గీత దాటింది. అప్పటికే రోజుల ముందు వేటకు వెళ్లిన పడవల్లో చాలావాటికి తీరపు రేడియో అందేది కాదు.