"ఓర్చుకోవాలి కదా సిస్టర్": కీమో బాధలపై అపోహలు, వాస్తవాలు

"పోయిన కీమో తర్వాత ఎలా ఉన్నారు?" అని అడిగితే పెద్దాయన "బాగానే ఉన్నానమ్మా" అంటారు. వెనకాల సంచి పట్టుకుని నిలబడ్డ భార్య మాత్రం "ఏం బాగు సిస్టర్, వారం పాటు మంచినీళ్లు కూడా దిగలేదు" అంటుంది. కీమో, అంటే క్యాన్సర్‌కి ఇచ్చే మందులు, ఎక్కించుకుని అదే రోజు ఇంటికెళ్లే మా డే కేర్ వార్డులో ఇది మామూలే.

అపోహ: కీమో అన్నాక బాధలు తప్పవు, చెప్తే ట్రీట్‌మెంట్ ఆపేస్తారు.

చెప్పకుండా ముదరబెట్టుకుంటేనే ఆపాల్సి వస్తుంది. వాంతులకు ఆండాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్, అప్రెపిటెంట్, ఓలాంజపిన్ ఉన్నాయి, ఒకటి చాలకపోతే డాక్టరు ఇంకోటి కలుపుతారు. కానీ వికారం ముదిరేదాకా ఆగకుండా రాసిచ్చిన టైముకి వేసుకోవాలి. ఓలాంజపిన్ చూసి ఎవరో "ఇది పిచ్చికి మందు" అన్నారని మానేసేవాళ్లున్నారు. మానసిక సమస్యలకు వాడేదే, నిజమే, వాంతులకూ బాగా పనిచేస్తుంది. ఆండాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం రావచ్చు, అదీ సిగ్గుపడకుండా చెప్పండి.

అపోహ: జ్వరమే కదా, డోలో వేసుకుంటే పోతుంది.

అన్నిటికంటే ప్రమాదమైంది ఇదే. చాలా రకాల కీమోల్లో మందు ఎక్కించాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే కణాలే లేనప్పుడు చీము పట్టదు, వాపు రాదు, ఒక్కోసారి జ్వరం తప్ప వేరే గుర్తే ఉండదు. దాన్ని కూడా అడగకుండా మాత్రతో అణిచేస్తే లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. 100.4 ఫారెన్‌హీట్‌కి చేరిందంటే రాత్రి రెండైనా సరే ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరండి. నుదుటి మీద చెయ్యి పెట్టి "పెద్దగా లేదులే" అనకండి, థర్మామీటర్ కొనండి.

అపోహ: గుడ్డు, పాలు, మాంసం మానేసి పథ్యం చెయ్యాలి.

బరువు తగ్గిపోతే కీమో తట్టుకోవడమే కష్టమవుతుంది. బాగా ఉడికిన గుడ్డు, పప్పు, చేప, ఏది దిగితే అది కొంచెం కొంచెంగా తినండి. వద్దనేది బయట జ్యూసులు, కోసి అమ్మే పండ్లు. నోరు పూస్తే ఆవకాయ పక్కన పెట్టాలి (మనవాళ్లకి కీమో కంటే ఇదే పెద్ద శిక్ష), లీటరు నీళ్లలో టీస్పూను ఉప్పు, టీస్పూను వంట సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి.

బాధ ఎక్కువైతేనే మందు పనిచేస్తున్నట్టా? కాదు, పనిచేస్తోందో లేదో చెప్పాల్సింది స్కాన్లు, పరీక్షలు.

అపోహ: కీమో వేడి చేస్తుంది, చల్లటివి తాగాలి.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్లు కొన్ని రోజులు ఫ్రిజ్ నీళ్ల జోలికే పోవద్దు. గొంతు పట్టేసినట్టుంటుంది, చల్లటి స్టీలు గ్లాసు ముట్టుకున్నా వేళ్లు కరెంటు కొట్టినట్టు జివ్వుమంటాయి. అది కొన్ని రోజుల్లో తగ్గుతుంది. తగ్గకుండా తిమ్మిరి అలాగే ఉండి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నా, కాలి నుంచి చెప్పు జారినా తెలియకపోతున్నా తర్వాతి సైకిల్‌కి (కీమో విడతకి) ముందే డాక్టరుకి చెప్పండి. అప్పుడు డోస్ తగ్గించొచ్చు, ఆ ఒక్క మందే ఆపొచ్చు, దానికి టెన్షన్ పడకండి. దాచిపెట్టి అలాగే లాగితే ఆ తిమ్మిరి కీమో అయిపోయాక కూడా ఉండిపోవచ్చు.