మిరుగం చుక్కల్లో దొరికిన నీరు

మా సిరొంచలో మిరుగం వచ్చిందంటే ఇంట్లో చేపల కూర, చేలో విత్తనాల హడావుడి. ఆ మృగశిర, దాని వెనకే వచ్చే ఆరుద్ర రెండూ ఒరాయన్ అనే చుక్కల గుంపులోవే. చలికాలం రాత్రి ప్రాణహిత ఒడ్డున నిలబడి చూస్తే వరుసగా మూడు చుక్కలు, వాటి కింద మసక మరకలా ఒక నెబ్యులా, అంటే వాయువు, ధూళి నిండిన మేఘం, కనిపిస్తాయి, అది మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం. అక్కడ నీరుందని 1969లో ప్రకటించారు. "అంతరిక్షంలో సముద్రం" అని ఫోన్లలో తిరిగే మాట మాత్రం నాకు నచ్చదు, ఎందుకంటే అక్కడ దొరికింది పుడుతున్న నక్షత్రాల చుట్టూ ఉన్న ఆవిరి పంపే రేడియో సంకేతం, అసలు గొప్పంతా అది అంత బలంగా ఎందుకుందన్న దాంట్లోనే ఉంది.

కథ 1954లో మొదలైంది. భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ టౌన్స్ బృందం అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో అమ్మోనియాతో మొదటి మేసర్ తయారుచేసింది, మైక్రోవేవ్ తరంగాలను బలంగా పెంచే పరికరం అది, లేజర్‌కు అన్న లాంటిది. శక్తి పుంజుకుని పై మెట్టు మీద నిలబడ్డ అణువులు చాలా ఉంటే, అటుగా పోయే తరంగం ఒకదాన్ని తాకగానే అది అచ్చం అలాంటి తరంగాన్నే వదులుతుంది, ఆ రెండూ ఇంకో రెండింటిని కదిలిస్తాయి, అలా దారి పొడవునా పెరుగుతూ పోతుంది. 1965లో ఆకాశం నుంచి హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన అణువు) సంకేతం వింతగా వస్తే, ఏమిటో అర్థంకాక దానికి 'మిస్టీరియం' అని పేరు పెట్టారు.

నక్షత్రాల మధ్య అంత పలచటి చోట పెద్ద అణువులు నిలవవని అప్పట్లో చాలామంది నమ్మకం. టౌన్స్ ఆగలేదు. కాలిఫోర్నియాలోని బర్క్లీ యూనివర్సిటీకి వచ్చాక, ఖగోళ శాస్త్రవేత్త జాక్ వెల్చ్ తదితరులతో కలిసి అక్కడి హ్యాట్ క్రీక్ అబ్జర్వేటరీలోని ఆరు మీటర్ల డిష్‌తో 1968లో అమ్మోనియాను పట్టాడు, వెంటనే 22.235 గిగాహెర్ట్జ్ దగ్గర నీటిని వెతికారు. ఒరాయన్‌లో, నక్షత్రాలు పుట్టే ఇంకో మేఘం డబ్ల్యూ49లో వచ్చిన సంకేతం ఉత్త వేడితో పుట్టేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రకృతే మేసర్ నడుపుతోందని తేలింది.

ఇక్కడొక చిక్కుంది. గాలిలోని తేమ కూడా సరిగ్గా ఆ తరంగాన్నే మింగుతుంది, మా ఆషాఢపు గాలి కింద నిలబడి వినాలంటే కష్టం. పుణె జిల్లా ఖోడద్ చుట్టుపక్కల 45 మీటర్ల రేడియో టెలిస్కోప్ డిష్‌లు 30 ఉన్నా, అవి ఇంతకంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీల కోసం కట్టినవి.

ఒరాయన్ మేసర్ 1979 నుంచి 1985 వరకు ఒక్కసారిగా భగ్గుమంది, మళ్లీ 1998లోనూ. ఇక 1995లో ఎన్‌జీసీ 4258 గెలాక్సీ నడిబొడ్డున తిరిగే నీటి ఆవిరి వేగాలు ఇలాంటి మేసర్ సంకేతంతోనే కొలిచి, అక్కడి కృష్ణబిలం బరువు మూడున్నర కోట్ల సూర్యులకు పైనే అని లెక్కగట్టారు.