సన్న టైరే వేగమన్న నమ్మకం ఎక్కడిది?

తారు రోడ్డు మీద పందెపు సైకిళ్ల టైర్లు ఈ పదిహేనేళ్లలో క్రమంగా లావెక్కాయి. 1990లలో 20 నుంచి 23 మిల్లీమీటర్ల టైర్లతో బరిలోకి దిగిన వృత్తి సైక్లిస్టులు ఇప్పుడు 28, అవసరాన్ని బట్టి 30 మిల్లీమీటర్ల టైర్లు వాడుతున్నారు. సన్నగా, రాయిలా బిగుసుకుని ఉన్న టైరే వేగంగా దొర్లుతుందని దశాబ్దాల పాటు నమ్మిన క్రీడలో ఇది చిన్న మార్పు కాదు. అయితే ఆ నమ్మకం గాలి టైరుతో పాటు పుట్టలేదు. గాలి టైరు తొలి విజయం దానికి నేరుగా ఎదురు సాక్ష్యం.

బెల్‌ఫాస్ట్‌లో స్థిరపడిన స్కాట్లండ్ పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ 1887లో తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు తయారుచేసి, మరుసటి ఏడాది పేటెంట్ పొందాడు. (రాబర్ట్ థామ్సన్ 1845లోనే ఇదే ఆలోచనకు పేటెంట్ తీసుకున్నట్టు బయటపడి, డన్‌లప్ హక్కు తరువాత చెల్లకుండా పోయింది.) అప్పటి సైకిళ్లన్నీ గట్టి రబ్బరు పట్టీల మీద నడిచేవి. 1889 మేలో బెల్‌ఫాస్ట్ పందేల్లో విల్లీ హ్యూమ్ అనే సాధారణ స్థాయి పోటీదారు గాలి టైర్లతో, గట్టి రబ్బరు మీద వచ్చిన మేటి పోటీదారులను ఓడించాడు. రెండేళ్లకు 1200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెంలో షార్ల్ టెరాఁ, ఊడదీసి బాగుచేసుకోగలిగే మిషెలాఁ (మిషెలిన్) కంపెనీ గాలి టైర్లతో గెలిచాక గట్టి రబ్బరు పని ముగిసింది. మెత్తనిది గట్టిదాన్ని ఓడించిందన్న ఆ పాఠం మాత్రం నిలవలేదు.

మరవడానికి కారణాలు లేకపోలేదు. సన్న టైరు బరువు తక్కువ, గాలిని కోయడంలోనూ దానిదే పైచేయి. వెలొడ్రోముల (సైకిలు పందేల కోసం కట్టిన వలయాకారపు బాటల) నున్నని చెక్క మీద ఒత్తిడి పెంచిన కొద్దీ వేగం పెరిగేది. ప్రయోగశాలల్లో టైర్లను నున్నని ఉక్కు డ్రమ్ముల మీద తిప్పి కొలిచినప్పుడూ అదే తేలేది. పైగా గట్టి టైరు చేతులకు అందించే సన్నని అదురు, వేగంగా పోతున్నామన్న భ్రమను కలిగిస్తుంది. ఫ్రాన్సులోని సెయింట్-ఎటియెన్‌కు చెందిన పాల్ ద వివీ వంటి దూరయాత్రికులు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే మెత్తని వెడల్పు టైర్లను సమర్థించినా, పందెపు లోకం వారి మాట వినలేదు.

ఇందులో భౌతికశాస్త్రం మరీ జటిలమేమీ కాదు. నేలను తాకే చోట టైరు నలిగి మళ్లీ లేస్తుంది. నలగడానికి పెట్టిన శక్తిలో కొంత తిరిగి రాక వేడిగా పోతుంది. దొర్లుడు ఘర్షణలో పెద్ద వాటా ఇదే. బరువూ ఒత్తిడీ సమానమైతే నేలను తాకే వైశాల్యం దాదాపు ఒకటే. సన్న టైరులో అది పొడవుగా, వెడల్పు టైరులో పొట్టిగా ఉంటుంది, కాబట్టి వెడల్పు టైరు తక్కువగా వంగుతుంది. దొర్లుడు ఘర్షణ గుణకం (బరువులో ఎన్నో వంతు ఎదురు బలంగా మారుతుందో చెప్పే అంకె) 0.005 నుంచి 0.003కు తగ్గితే, మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలుండి గంటకు 30 కిలోమీటర్లతో పోతున్నప్పుడు, టైర్లు మింగే శక్తి సుమారు 33 వాట్ల నుంచి 20 వాట్లకు దిగుతుంది. 150 వాట్లు పెట్టి తొక్కే మనిషికి ఆ 13 వాట్లు గంటకు దాదాపు ఒక కిలోమీటరు అదనపు వేగం.

డ్రమ్ము చూపనిది ఇంకొకటుంది. గరుకు రోడ్డు మీద అతిగా బిగిసిన టైరు గులకను మింగుకోలేక సైకిలును, దాని మీద మనిషిని పైకి ఎత్తుతుంది; ముందుకు పోవలసిన శక్తి కండరాల అదురులో కరిగిపోతుంది. ఒక స్థాయి దాటాక ఒత్తిడి పెంచితే వేగం తగ్గుతుందన్న మాట. తొక్కేవారు పెట్టే శక్తిని కొలిచే పవర్ మీటర్లు విరివిగా వచ్చి, పరీక్షలు అసలు రోడ్డు మీదికి మారాకే ఈ నష్టం అంకెల్లో కనిపించింది. 2018లో రోడ్డు పందేల్లో, చక్రం నడిమి పళ్లేన్ని పట్టి ఆపే డిస్క్ బ్రేకులకు శాశ్వత అనుమతి దొరకడంతో, రిమ్మును పట్టే పాత బ్రేకుల ఇరుకు తొలగి, లావు టైర్లకు చోటు దొరికింది.

అలాగని లావు పెంచుకుంటూ పోతే లాభం లేదు. గాలి నిరోధాన్ని ఎదిరించే శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి, గంటకు 45 కిలోమీటర్లతో ఒంటరిగా పోయేవాడికి రిమ్ముకన్నా ఉబ్బిన టైరు భారమే. నా ఉద్దేశంలో వెడల్పు మీద జరిగిన చర్చ అసలు విషయాన్ని కొంత కప్పేసింది: టైరు లోపలి దారాల అల్లిక ఎంత పలచన, రబ్బరు ఎంత మృదువు అన్నవే ఎక్కువ తేడా తెస్తాయి. మన ఊళ్ల పాత 28 × 1½ టైరు బరువుగా దొర్లడానికి దాని వెడల్పు కారణం కాదు; మందపాటి రబ్బరు, ముతక అల్లిక, చాలీచాలని గాలి కారణం. బురద కోసం చేసిన గుబ్బల టైర్లతో నగరాల్లో అమ్ముడవుతున్న గేరు సైకిళ్లది మరీ అన్యాయం: తారు మీద ప్రతి గుబ్బా వంగుతూ లేస్తూ శక్తిని తినేస్తుంది, తడి రోడ్డు మీదా అదనపు పట్టు ఇవ్వదు. అంతే వెడల్పున్న నున్నని టైర్లు వేయిస్తే ఆ సైకిలే తేలికవుతుంది. గాలి నింపేటప్పుడు టైరు పక్కన అచ్చువేసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. తొక్కేవారి బరువును, రోడ్డు గరుకును బట్టి సరైన ఒత్తిడి చాలాసార్లు దానికి బాగా దిగువనే ఉంటుంది.