వచ్చి పోయే ఇంజన్ లైట్, ఆక్సిజన్ సెన్సార్: అపోహలు - వాస్తవాలు

నేను ఒడిశాలోని జయపురంలో పెట్రోలు కార్ల వైరింగ్ పని చేస్తాను. కోరాపుట్ ఘాటీ దిగి వచ్చే బళ్ళు, సాలూరు నుంచి సుంకి మీదుగా ఎక్కి వచ్చే బళ్ళు మా షెడ్డుకి వస్తుంటాయి. వాటిలో ఎక్కువ టైమ్ తీసుకునేవి డాష్‌బోర్డు మీది ఇంజన్ లైట్ ఒకరోజు వెలిగి, నాలుగు రోజులు ఆరిపోయి, మళ్ళీ వెలిగే చిన్న కార్లు. కారు కంప్యూటర్‌లో పడిన లోపాలు చదివే స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సార్ కోడ్ (లోపం నంబరు) చూపిస్తుంది. ఇక అక్కడి నుంచి మనవాళ్ళు పెట్టే ఖర్చు చూస్తే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు సెన్సార్ పని ఏమిటో చెప్తాను. పొగ గొట్టంలో, పొగలోని విషవాయువులు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు ఒకటి, వెనక ఒకటి ఉంటాయి. ముందుది పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి, పెట్రోలు పెంచాలో తగ్గించాలో కంప్యూటర్‌కి చెప్తుంది. వెనకది ముఖ్యంగా కన్వర్టర్ పని చేస్తోందా లేదా చూస్తుంది. మామూలు జిర్కోనియా సెన్సార్ అయితే పెట్రోలు ఎక్కువైనప్పుడు 0.9 వోల్టుల వైపు, గాలి ఎక్కువైనప్పుడు 0.1 వైపు వెళ్తుంది. ఇంజన్ వేడెక్కాక, స్కానర్ తెర మీద ముందు సెన్సార్ వోల్టేజ్ గీత ఆ రెండింటి మధ్య ఆగకుండా ఊగుతూ ఉండాలి. సెన్సార్ కొన సుమారు 300 డిగ్రీలు దాటితే గానీ సరిగ్గా చెప్పలేదు. అందుకే లోపల చిన్న హీటర్ పెడతారు. కొన్ని కొత్త కార్లలో ముందు సెన్సార్ వేరే రకం, దానికి ఈ వోల్టుల లెక్క పనికిరాదు.

అపోహ: కోడ్‌లో సెన్సార్ పేరు వచ్చింది కాబట్టి సెన్సార్ పోయింది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినేది ఇదే. కోడ్ చెప్పేది సెన్సార్ పోయిందని కాదు, ఆ సర్క్యూట్ నుంచి వచ్చిన కబురు తేడాగా ఉందని. పి 0131 అంటే వోల్టేజ్ తక్కువ, పి 0133 అంటే స్పందన నెమ్మది, పి 0135 అంటే హీటర్ సర్క్యూట్. తేడా సెన్సార్‌లో ఉండొచ్చు, వైరులో ఉండొచ్చు, వైర్లని కలిపే కప్లర్‌లో ఉండొచ్చు, ఎర్త్‌లో ఉండొచ్చు, ఫ్యూజులో ఉండొచ్చు. సెన్సార్‌కి ముందు పైపు జాయింట్ లీకైనా బయటి గాలి లోపలికి చేరి, పెట్రోలు చాలట్లేదన్నట్టు చూపిస్తుంది. ఒక ప్లగ్గు మిస్సింగ్ కొట్టినా (మంట సరిగ్గా అంటుకోకపోయినా) అంతే, కాలని ఆక్సిజన్ నేరుగా పొగలోకి వచ్చేస్తుంది.

సునాబెడ నుంచి ఒక తెలుగాయన వచ్చారు. వేరే చోట రెండుసార్లు సెన్సార్ మార్పించారట. "బాబూ, ఇంకేం మార్చమంటావు?" అన్నారు. "ఏమీ వద్దు బాబాయ్, ముందు బండిని ఘాటీ ఎక్కిద్దాం" అన్నాను. కోడ్ పి 0131. షెడ్డులో ఎంతసేపు ఆన్‌లో ఉంచినా గీత చక్కగా ఊగుతోంది.

ఆయన నడిపారు, నేను పక్కన స్కానర్ పట్టుకుని కూర్చున్నాను. ఎత్తులో రెండో గేరు వేసి గట్టిగా తొక్కగానే, 0.85 దగ్గరున్న గీత ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. పడి ఊగలేదు, బల్ల పరిచినట్టు అలాగే ఉండిపోయింది. కాలు తీయగానే మళ్ళీ కదిలింది. ఇంజన్ బలం కోసం పెట్రోలు ఎక్కువ తాగుతున్న టైమ్‌లో సున్నా రాకూడదు. సిగ్నల్ వైరు ఎక్కడో బాడీకి తగులుతోందని అప్పుడే అర్థమైంది.

దిగొచ్చి బానెట్ ఎత్తాను. ఇంజన్ మౌంటింగ్ రబ్బరు చీలింది. బరువు పడినప్పుడల్లా ఇంజన్ ఒరుగుతోంది. వైరుని పట్టి ఉంచే క్లిప్ విరిగి, వైరింగ్ తొడుగు పొగ గొట్టం మీది రేకుకి రాసుకుంటోంది. తొడుగు విప్పి చూస్తే బియ్యపు గింజంత మేర రాగి బయటపడి ఉంది. చదును నేల మీద అది రేకుకి అందదు, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే అందుతుంది. వైరు బాగుచేసి, మౌంటింగ్ మార్చి, క్లిప్ వేశాను. ఆయన డిక్కీలో దాచుకున్న మొదటి సెన్సార్‌నే తిరిగి బిగించి మళ్ళీ ఘాటీ ఎక్కించాం. గీత పడలేదు.

అపోహ: ఘాటీ దిగేటప్పుడు సున్నా చూపిస్తోంది, సెన్సార్ చచ్చిపోయింది.

ఇప్పుడు స్కానర్ ఫోన్‌లోకి వచ్చేసింది, అందరూ గీత చూస్తున్నారు. మంచిదే. కానీ గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలి దిగుతున్నప్పుడు కంప్యూటర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. పైపులోకి వచ్చేది ఉత్త గాలే, కాబట్టి సెన్సార్ దాదాపు సున్నా చూపించాలి. చూపించకపోతేనే అనుమానపడాలి. ఎక్కేటప్పటి సున్నా వేరు, దిగేటప్పటి సున్నా వేరు. యాక్సిలరేటర్ ఎంత తొక్కారో చెప్పే గీతని కూడా పక్కనే పెట్టుకుని చూడండి. ఇంకో మాట, నడిపేవాళ్ళు ఫోన్ చూడకూడదు. ఘాటీలో అసలే వద్దు.

అపోహ: లైట్ ఆరిపోయింది, ఇక బాగైపోయినట్టే.

చాలా లోపాలకి రెండు ప్రయాణాల్లో వరుసగా కనిపిస్తేనే లైట్ వెలుగుతుంది. ఒక్కసారి కనిపిస్తే పెండింగ్ కోడ్‌గా లోపల ఉండిపోతుంది. కొన్నాళ్ళు కనిపించకపోతే లైట్ దానంతటదే ఆరుతుంది, లోపం మాత్రం ఎక్కడికీ పోదు. కోడ్ పడిన క్షణంలో స్పీడు, ఇంజన్ వేడి, లోడు ఎంతున్నాయో కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటాం. వచ్చి పోయే లోపానికి మా దగ్గరుండే గట్టి సాక్ష్యం అదే. షెడ్డుకి తెచ్చే ముందు బ్యాటరీ టెర్మినల్ తీసి లైట్ ఆర్పుకుని వస్తే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

లైట్ మిణుకుమిణుకుమంటే మాత్రం మిస్సింగ్ గట్టిగా ఉందని. కాలని పెట్రోలు కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, బండి పక్కకి తీసి ఆపండి.

అపోహ: పెట్రోలులో నానబెట్టి బ్రష్‌తో గీకితే సెన్సార్ కొత్తదవుతుంది.

కాదు. పైన మసి ఉంటే పెట్రోలు ఎందుకు ఎక్కువ పోతోందో వెతకాలి. తెల్లటి పొర ఉంటే కూలెంట్ లోపలికి వస్తోందేమో, ఎవరైనా దగ్గరలో సిలికాన్ గమ్ పూశారేమో చూడాలి. సిలికాన్ ఆవిరి సెన్సార్‌ని పాడు చేస్తుంది, గీకితే అది పోదు.

అపోహ: సెన్సార్ వైరు ఎక్కడ తెగినా అతికించి టేపు చుడితే చాలు.

సెన్సార్ లోపలికి పోలిక కోసం బయటి గాలి కావాలి. చాలా సెన్సార్లు ఆ గాలిని తమ వైరు పోగుల సందులోంచే పీల్చుకుంటాయి. అందుకే సెన్సార్ నుంచి కప్లర్ దాకా ఉన్న ముక్కకి సోల్డర్ పెట్టకూడదు, ఆ కప్లర్‌లో గ్రీజు కూరకూడదు. కప్లర్‌కి ఇవతల, బండి వైపు వైరింగ్‌ని బాగుచేయొచ్చు. సునాబెడ బండిలో నేను బాగుచేసింది ఈ బండి వైపు వైరునే.

అపోహ: ఇదంతా ఒడిశా పెట్రోలు వల్ల.

ధర తక్కువని పార్వతీపురం, సాలూరు వైపు వాళ్ళు ఇక్కడ ట్యాంకు నింపుకుంటారు. వారంలో లైట్ వెలిగితే తప్పు పెట్రోలు మీదికి పోతుంది. 20 శాతం ఇథనాల్ కలపడం దేశమంతటా ఉన్నదే. ఉత్త పెట్రోలు కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలు. ఆ తేడాని ఈ సెన్సార్ కనిపెట్టి చెప్తే కంప్యూటర్ సరిచేసుకుంటుంది.

మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. లైట్ వెలిగినప్పుడల్లా రాసుకోండి: చల్ల ఇంజనా వేడి ఇంజనా, ఎక్కుతున్నారా దిగుతున్నారా, వాన పడిందా. సెమిలిగుడలో ఉండే ఒక మాస్టారు రోజూ పొట్టంగి స్కూలుకి వెళ్ళొస్తారు. కారు తెచ్చి, "ఇది చూడవయ్యా" అని నోట్‌బుక్ చేతికిచ్చారు. 11 సార్లు వెలిగితే 9 సార్లు ముందు రాత్రి వాన. కప్లర్ దగ్గర స్ప్రేతో నీళ్ళు కొట్టాను, నిమిషం తిరక్కుండా హీటర్ కోడ్ వచ్చింది. కప్లర్ విప్పితే రబ్బరు సీలు లేదు, ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. కొత్త కప్లర్, కొత్త పిన్నులు వేసి మళ్ళీ నీళ్ళు కొట్టాను, కోడ్ రాలేదు. సెన్సార్ పాతదే ఉంది.