గడియ వేసిన ఇల్లు

చి. అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

పక్కన ఎవరు నిద్రపోయినా వాళ్ల కలలోకి వెళ్లిపడే అమ్మాయి నవల చదివావట. "నిజంగా అలా వెళ్లొచ్చా తాతయ్యా?" అని అడిగావు. లోపలికి వెళ్లలేం గానీ, కిటికీ దాకా వెళ్లినవాళ్లున్నారు.

నిద్రపోయే మనిషిని గడియ వేసిన ఇల్లనుకో. పడుకున్న గంటన్నరకి లోపల దీపం వెలిగి, పది నిమిషాలుండి ఆరుతుంది. రాత్రికి నాలుగైదుసార్లు ఇంతే. తెల్లవారేకొద్దీ ఎక్కువసేపు వెలుగుతుంది. కలలు బాగా సాగేది ఆ వెలుగులోనే. అప్పుడే మెదడు ఒంటికి గడియ పెడుతుంది, అందుకే కలలో పరిగెత్తినా మంచం దిగవు. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి, గడియ ఆలస్యంగా ఊడుతుంది. కళ్లు తెరిచినా కదల్లేవు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. దయ్యం కాదమ్మా, కాసేపట్లో వదిలేస్తుంది.

ఊపిరికీ కళ్లకీ మాత్రం గడియ ఉండదు. ఆ కళ్లే కిటికీలు. చికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి తన కొడుకు కళ్ల పక్కన తీగలు అంటించి, నిద్రలో కనుగుడ్లు అటూ ఇటూ పరుగులు తీయడం గమనించాడు. 1953లో గురువు క్లైట్‌మన్‌తో కలిసి లెక్క చెప్పాడు: నిద్రపోయేవాళ్లను కళ్లు కదిలేటప్పుడు 27 సార్లు లేపి అడిగితే, 20 సార్లు కల వివరంగా చెప్పారు.

2021లో నాలుగు దేశాల శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. ఇది కల అని కలలోనే తెలుసుకోగలవాళ్లను పడుకోబెట్టి, "ఎనిమిదిలోంచి ఆరు తీస్తే?" అని మెల్లగా అడిగారు. నిద్రలోనే ఒకరు కళ్లను ఎడమకీ కుడికీ రెండుసార్లు తిప్పారు. రెండు! ప్రతిసారీ ఇలా కుదరలేదు, ఎక్కువసార్లు జవాబే రాలేదు. అయినా ఆ ఒక్క 'రెండు' తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఉషాపరిణయం కథ తెలుసుగా? ఉష కలలో చూసిన రాకుమారుణ్ని చెలికత్తె చిత్రరేఖ ఎలా పట్టుకుంది? కలలో దూరలేదు. ఒక్కో బొమ్మా గీసి "ఇతడేనా?" అని అడిగింది. ఇంకొకరి కలకి అదే దగ్గరిదారి, ఓపిగ్గా అడగడం.

నీ కలతో మొదలుపెట్టు. తలగడ పక్కన నోటుపుస్తకం, పెన్సిలు ఉంచుకో. మెలకువ రాగానే కదలకు, ఫోను చూడకు. చూస్తే కల జారిపోతుంది. చివర చూసింది ముందు రాసి, వెనక్కి నడువు. అతకని చోట కథ కల్పించకు, ఖాళీ వదిలెయ్.

రేపు తెల్లవారుజామున లేచి తమ్ముడి పక్కన కూర్చో. టార్చి వెయ్యకు, తట్టి లేపకు. మూసిన రెప్పల కింద చిన్న ఉబ్బు అటూ ఇటూ జరుగుతుంటే దీపం వెలుగుతున్నట్టే. వాడంతట వాడు లేచాక, "ఏం చూశావురా?" అని అడుగు. చెప్పకపోతే వదిలెయ్, అది వాడి ఇల్లు. చెబితే నాకు రాయి.

తాతయ్య