కళ్ళు టపటపా ఆర్పే పిల్లలు, చైనా సంప్రదాయ వైద్యం: అపోహలు - వాస్తవాలు

నేను పిల్లల డాక్టర్‌ని. ఎంబీబీఎస్ చైనాలో చదివాను. అక్కడ సంప్రదాయ వైద్యం కూడా మాకు ఒక సబ్జెక్టు కాబట్టి, ఆ విభాగం ఓపీలో కొన్ని వారాలు కూర్చున్నాను. టిక్స్, అంటే తమ ప్రమేయం లేకుండా మళ్ళీ మళ్ళీ వచ్చే కదలికలు, శబ్దాలు ఉన్న పిల్లలు అక్కడికి బాగా వచ్చేవాళ్ళు. ఒకడు కళ్ళు ఆర్పుతూ, ఇంకొకడు మెడ విదిలిస్తూ, భుజం ఎగరేస్తూ, మరో పాప ఊరికే గొంతు సవరించుకుంటూ కనిపించేవారు. ఇప్పుడు ఇక్కడ నా దగ్గరికొచ్చే అమ్మానాన్నలు ఫోన్‌లో ఏదో వీడియో చూపించి, "మీరు చైనాలో చదివారు కదా డాక్టర్ గారూ, దీనికి అక్కడ మూలికా మందు ఉందట కదా" అని అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: లివర్ పాడైతే టిక్స్ వస్తాయని చైనా వైద్యం చెబుతుంది.

ఈ మాట విని ఒక నాన్నగారు ఏడేళ్ళ బాబుకి లివర్ టెస్టులన్నీ చేయించి రిపోర్టులు పట్టుకొచ్చారు. పాపం, అన్నీ నార్మల్‌గానే ఉన్నాయి. చైనా వైద్యంలో 'గాన్' అంటే కాలేయమే. కానీ కళ్ళు, కండరాల పట్టు, కోపం కూడా దాని ఏలుబడిలోనే ఉంటాయని వాళ్ళ లెక్క. 'ఫెంగ్' అంటే గాలి. ఒంట్లో ఏదైనా వణికినా, అదిరినా లోపల గాలి లేచిందంటారు. సాంగ్ రాజవంశం కాలంలో చియెన్ యీ అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు. ఆయన వైద్యాన్ని 1119లో గ్రంథంగా కూర్చారు. కాలేయపు గాలి కంటికెక్కితే పిల్లవాడు ఓర్చుకోలేక అదేపనిగా కళ్ళు ఆర్పుతాడని అందులో ఉంది. ఈ ఊహ మనకేం కొత్త కాదు, 'పక్షవాతం' అన్న మాటలో ఉన్నదీ గాలే. అది ఆ కాలపు వైద్యులు జబ్బును అర్థం చేసుకున్న తీరు. రక్తపరీక్షలో దొరికేది కాదు. ఈనాటి వైద్యం ప్రకారం మూలం మెదడులో, కదలికలను అదుపు చేసే సర్క్యూట్లలో ఉంది. వంశపారంపర్యం పాత్ర కూడా ఎక్కువే.

అపోహ: మందు మొదలుపెట్టిన నెలకే తగ్గింది, అంటే మందు పనిచేసినట్టే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ నమ్మకమే. టిక్స్ స్వభావమే పెరగడం, తగ్గడం. మామూలుగా నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య మొదలవుతాయి, 10-12 ఏళ్ళప్పుడు ఉధృతంగా ఉంటాయి, టీనేజ్ దాటేసరికి చాలామందిలో బాగా తగ్గిపోతాయి. ఈ మధ్యలో కొన్ని వారాలు విపరీతంగా ఉంటాయి, తర్వాత వాటంతటవే సద్దుమణుగుతాయి. తల్లిదండ్రులు డాక్టర్ దగ్గరికి పరిగెత్తేది ఉధృతంగా ఉన్నప్పుడే. ఆ వారం ఏమిచ్చినా, కషాయమిచ్చినా తాయెత్తు కట్టినా, తర్వాతి నెల తగ్గినట్టే కనిపిస్తుంది.

అందుకే పోల్చి చూడాలి. చైనాలో సుమారు 600 మంది పిల్లల మీద ఎనిమిది వారాలు జరిపిన ఒక పరిశోధన 2016లో వచ్చింది. కొందరికి మూలికల గ్రాన్యూల్స్, కొందరికి టిక్స్‌కి వాడే టయాప్రైడ్ అనే ఆధునిక మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఉత్తుత్తి మందు కంటే గ్రాన్యూల్స్ మెరుగ్గా పనిచేశాయి, టయాప్రైడ్‌కి దీటుగా నిలిచాయి. ఇది తీసిపారేసే సంగతి కాదు. కానీ ఉత్తుత్తి మందు తీసుకున్న పిల్లల్లో కూడా చాలామందికి తగ్గింది. పైగా అది ఒక నిర్దిష్టమైన మందు మీద వచ్చిన ఫలితం. ఆన్‌లైన్‌లో దొరికే ప్రతి పొడికీ అది వర్తించదు. ఆక్యుపంక్చర్ మీద పరిశోధనలు చాలానే ఉన్నా, ఎక్కువ భాగం చిన్నవి. గట్టిగా చెప్పేందుకు అవి చాలవు.

అపోహ: మూలికలే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

టిక్స్‌కి అక్కడ ఎక్కువగా వాడే జంట థియెన్‌మా, గోథెంగ్. మొదటిది ఒక ఆర్కిడ్ దుంప. రెండోది కొక్కేల్లాంటి ముళ్ళున్న తీగ కొమ్మ. కషాయం కాచేటప్పుడు గోథెంగ్‌ని చివర్లో వేస్తారు, ఎక్కువసేపు మరిగితే దాని గుణం పోతుందని. మందుల కౌంటర్‌లో ఆ ఒక్కదాన్నీ విడిగా చిన్న పొట్లం కట్టి, ఎప్పుడు వేయాలో అమ్మమ్మలకి రెండుసార్లు చెప్పి పంపేవాళ్ళు. అంత జాగ్రత్త ఎందుకంటే అది మందు కాబట్టి. గోథెంగ్‌ని అక్కడ బీపీకి కూడా వాడతారు. మనం టిక్స్‌కి ఇచ్చే క్లోనిడిన్ కూడా మొదట బీపీ మందే. డాక్టర్‌కి చెప్పకుండా రెండూ కలిపి ఇస్తే పిల్లవాడి బీపీ పడిపోవచ్చు, మత్తుగా పడుండొచ్చు.

కొన్ని చీటీల్లో ఎండబెట్టిన తేలు, జెర్రి కూడా ఉంటాయి. పాతకాలపు కొన్ని మందుల మిశ్రమాల్లో జూషా ఉంటుంది. అంటే మన ఇంగిలీకం, పాదరసపు ఖనిజం. టిక్స్ కోసం పిల్లల కడుపులోకి పాదరసం పంపడాన్ని నేను ఒప్పుకోను.

అపోహ: చైనాలో దీనికి మూలికలే వాడతారు.

కాదు. అరిపిప్రజోల్, టయాప్రైడ్, చర్మానికి అంటించే క్లోనిడిన్ ప్యాచ్ లాంటి ఆధునిక మందులు కూడా అక్కడ వాడుకలో ఉన్నాయి.

అపోహ: గట్టిగా తిడితే మానేస్తారు.

టిక్ వచ్చే ముందు చాలామంది పిల్లలకి లోపల ఒక గుల మొదలవుతుంది, తుమ్ము వచ్చే ముందు ముక్కులో ఉన్నట్టు. కాసేపు ఆపుకోగలరు, పూర్తిగా ఆపలేరు. క్లాసులో ఆపుకున్నదంతా ఇంటికొచ్చాక బయటపడుతుంది. అది చూసి "బళ్ళో బాగానే ఉంటాడు, ఇంట్లో కావాలని చేస్తాడు" అంటారు. కావాలని కాదమ్మా. నేను కూర్చున్న ఓపీలో పెద్ద డాక్టర్ నాడి చూశాక మందు రాసేముందే తల్లికి చెప్పేవారు, కళ్ళ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడొద్దని. కోపం, బెదురు గాలిని రేపుతాయని ఆయన కారణం. టెన్షన్ టిక్స్‌ని పెంచుతుందని మన కారణం. చేయాల్సింది మాత్రం ఒకటే.

తేలికపాటి టిక్స్‌కి మందే అక్కర్లేదు. ఇబ్బంది పెట్టేవాటికి ముందు ప్రయత్నించదగినది బిహేవియర్ థెరపీ. గుల మొదలవగానే పిల్లవాడు గుర్తుపట్టి, దానికి ఎదురు కదలిక చేయడం నేర్పుతారు. 126 మంది పిల్లలపై చేసిన అమెరికా పరిశోధన 2010లో దీని ఫలితాన్ని చూపించింది. మెడ నొప్పి పుట్టేంతగా విదిలిస్తున్నా, కదలికల మధ్య స్పృహ తప్పుతున్నా, చదువు వెనకబడుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

ఇప్పటికే ఏదైనా చైనా పొడి తెప్పించి ఇస్తుంటే, తిడతానని దాచొద్దు. ఆ ప్యాకెట్ పారేయకుండా పట్టుకురండి. దాని మీది అక్షరాలు చదివి, అందులో ఏముందో చెబుతాను.